ఒమకాసే కౌంటర్ కాడ ఎట్ల కూసోవాలె, ఎట్ల తినాలె: హన్మకొండ నుంచి పోయేటోళ్ల కోసం పూర్తి గైడ్

మా ఇంట్ల జొన్నరొట్టెల రోజు ఎట్లుంటదంటే, అమ్మ పొయ్యి ముందల కూసుంటది, మేము పక్కన పీటలేసుకొని కూసుంటం, ఆమె పిండి ముద్ద తీస్కొని చప్పట్లు కొట్టినట్టు కొట్టి పెంక మీద ఏస్తది, కాలంగనే మా కంచంల పడుతది, ఎవలకు మెత్తగ కావాలె ఎవలకు జర మాడింది ఇష్టం అన్నది ఆమెకే ఎరుక, మనం అడిగేది ఏం లేదు. రొట్టె కంచంల పెట్టుకొని ఫోన్ చూస్కుంట కూసుంటే తిట్లు పడుతయ్, చల్లారితే అది అట్ట లెక్క అయితది గదా.

ఒమకాసే అంటే గిదే. జపాన్ భాషల ఆ మాటకు "మీకే ఒప్పజెప్తున్న" అని అర్థం. మెనూ కార్డు ఉండదు, చెక్క బల్లకు అటు దిక్కు చెఫ్, ఇటు దిక్కు మనం, ఆయన ఒక్కొక్క సుషీ ముక్క చేత్తోని ఒత్తి ముందల పెడుతడు, మనం తినుడే. రూల్స్ మస్తుగ చెప్తరు కానీ సగం రూల్స్ పొయ్యి కాడ కూసున్న పిల్లగానికి తెలిసినయే.

నేను రెండు సార్లు పోయిన, రెండుసార్లు హైదరాబాద్ ల పెద్ద హోటళ్లకే. మొదటిసారి మా బామ్మర్ది ప్రమోషన్ దావత్ అని తీస్కపోయిండు, అప్పుడు చెయ్యని తప్పు లేదు. రెండోసారి మా ఇంటామెతోని పోయిన, జర తెలివితోని తిన్న. ఆ రెంటి నడుమ నేర్చుకున్నది రాస్తున్న, పొడుగున్నది, ఓపిగ్గ చదవండి.

ముందుగాల ఇది ఏందో

సుషీ అంటే పచ్చి చేప అనుకుంటరు, కాదు. సుషీ అంటే సిర్క కలిపిన అన్నం. ఉత్త పచ్చి చేప ముక్కలు పెడితే దాన్ని సాషిమి అంటరు. అన్నం మీద చేప ఉండొచ్చు, రొయ్య ఉండొచ్చు, గుడ్డట్టు గూడ ఉండొచ్చు. కౌంటర్ కాడ అన్నాన్ని షారి అంటరు, పైన పెట్టేదాన్ని నేతా అంటరు, అన్నం మీద ముక్క పెట్టి చేత్తోని ఒత్తింది నిగిరి.

అసలు ఇది చేపను దాచిపెట్టే ఉపాయంగ మొదలైంది, ఉప్పేసిన చేపను అన్నంల పెట్టి నెలలకు నెలలు పులియబెట్టి చేప తిని అన్నం పారేసేటోళ్లు, బివా సరస్సు దిక్కు ఇప్పటికీ ఫునాజుషీ అని ఆ పాత పద్ధతిల చేస్తరు. ఇప్పుడు మనం తినే నిగిరి 1820ల కాలంల ఎడో అనే పట్నంల వచ్చింది, అంటే ఇప్పటి టోక్యో. హనాయా యోహెయ్ అనేటాయన పేరు చెప్తరు. అప్పుడు అది రోడ్డు పక్క బండి తిండి, పని మీద పోయేటోళ్లు నిలవడి రెండు ముక్కలు నోట్లేసుకొని పోయేది, ముక్క గూడ ఇప్పటిదాని కన్న మస్తు పెద్దగుండేది. మిర్చి బండి లెక్కనే అనుకోండి. అందుకే కౌంటర్ కాడ పాటలు పెట్టి లొల్లి లొల్లి చేస్తే "ఇది అసలు పద్ధతి కాదు" అని మొహం ముడుచుకునేటోళ్లను చూస్తే నాకు నవ్వస్తది, ఇది పుట్టిందే రోడ్డు మీద.

ఫోన్ చేసి బుక్ చేసుడు

కౌంటర్ కు సీట్లు తక్కువ, పది అటు ఇటు. చానా కాడ రాత్రికి రెండు బ్యాచులు ఉంటయ్, అందరికీ ఒక్కసారే మొదలువెడుతరు. అందుకే పైసలు ముందుగాలనే కట్టమంటరు, పోకపోతే కొన్ని కాడ మొత్తం పోతది. ఆన్ లైన్ ల బటన్ నొక్కుడు కన్న ఫోన్ చేసుడు మేలు, ఎందుకంటే అడిగేటియి ఉన్నయ్.

ఒకటి, చేప ఏ రోజు వస్తదని అడగండి. మంచి కౌంటర్లు జపాన్ నుంచి విమానంల తెప్పిస్తరు, ఎక్కువ పేరున్నది టోక్యోల టొయోసు మార్కెట్. పాత సుకిజి మార్కెట్ 2018 అక్టోబర్ ల అక్కడికే మారింది. ఆ మార్కెట్ ఆదివారం బంద్, కొన్ని బుధవారాలు గూడ బంద్. చేప వచ్చిన రోజో తెల్లారో పోతే రకాలు ఎక్కువుంటయ్. అడిగితే వాళ్లేం అనుకోరు, నిజానికి ఇజ్జత్ ఇస్తరు.

రెండోది మనోళ్లకు అసలు ముఖ్యమైంది. మీకు పడనియి, మీరు తిననియి ముందుగాలనే చెప్పాలె, కూసున్నంక కాదు. రొయ్యలు పీతలు పడవా, నువ్వులు పడవా, గోధుమలు పడవా (సోయా సాస్ ల గోధుమ ఉంటది), అన్నీ చెప్పండి. ఈ మధ్య హోటల్ కౌంటర్ల వాగ్యు అని ఒక ముక్క పెడుతున్నరు, అది జపాన్ ఎద్దుమాంసం, తిననోళ్లు ముందుగాలనే చెప్తే దాని బదులు ఇంకోటి పెడుతరు. మిరిన్ అని తియ్యటి సారాయి లాంటిది చానా సాస్ లల్ల పడుతది, సారాయి ముట్టనోళ్లు అది గూడ అడగాలె. కడుపుతోని ఉన్నోళ్లు పచ్చియి తినొద్దు, డాక్టర్లు గదే చెప్తరు, వండిన ముక్కలే పెట్టమనాలె. "నేను వెజ్, ఉత్త సూప్ తాగుత" అంటే గూడ నడవదు, ఆ సూప్ కు మూలమైన దాషి అనే రసంల ఎండబెట్టిన చేప పొట్టు పడుతది.

ఇగ శనివారం తినం, సోమవారం తినం, కార్తీకం అయిపోయేదాక ముట్టం అనేటోళ్లు క్యాలెండర్ చూస్కొని బుక్ చేయండి, మా బామ్మర్ది ఒకసారి శ్రావణ మాసంల బుక్ చేసి వాళ్లమ్మతోని తిట్లు తిని క్యాన్సిల్ చేస్కుండు, పైసలు వాపస్ రాలే.

పోయే రోజు

హన్మకొండ నుంచి బస్సెక్కితే జనగామ, భువనగిరి, ఘట్కేసర్ మీదికెళ్లి ఉప్పల్ ల దిగుతం, ఆడనే మెట్రో ఎక్కితే మారే పని లేకుంట హైటెక్ సిటీ, రాయదుర్గం దాక అదే లైన్. కానీ టైమ్ ది జర ఎక్కువ పెట్టుకోండి, ఎందుకంటే ఇది లేట్ గ పోయి "ఏమైనా ఉన్నదా అన్నా" అని కూసునే హోటల్ కాదు. అన్నం అందరి కోసం ఒక్క టైముకు వండుతరు, మీరు ఇరవై నిమిషాలు లేటైతే మీకోసం పది మంది ఆగాలె, లేకపోతే మీ ముందు ముక్కలు పోతయ్. రెండో బ్యాచ్ కు పోతే లేచేసరికి మస్తు రాత్రయితది, పదకొండు దాటితే మెట్రో మీద ఆశ పెట్టుకోకండి, చుట్టాల ఇల్లు చూస్కోండి.

ఉప్పల్ ల దిగంగనే బజ్జీల వాసనకు కాళ్లు అటు పోతయ్, ఆగండి. ఆకలి ఉంచుకోవాలె, ముక్కలు చిన్నగున్నయ్ గని పదిహేను ఇరవై దాక వస్తయ్, అన్నం గదా, నిండుతది.

సెంటు కొట్టుకోవద్దు. అత్తరు వద్దు. ఇది గొప్పల కోసం పెట్టిన రూల్ కాదు, తెల్ల చేప వాసన మస్తు పల్చగుంటది, పక్కసీటాయన సెంటు కొట్టుకొస్తే ఎనిమిది మందికి చేప బదులు సెంటే తిన్నట్టుంటది. మొదటిసారి ఆ ఎనిమిది మందిని సతాయించింది నేనే. రెండోసారి మా ఇంటామె మల్లెపూలు పెట్టుకొని బయల్దేరింది, నేను నసుక్కుంట నసుక్కుంట చెప్తే కారు అద్దానికి తగిలేసి లోపలికొచ్చింది, కానీ తిరిగి పోయేదాక దాని మీద మాట్లాడలే.

కూసున్నంక

లోపల అడుగువెట్టంగనే బల్ల ఎనకున్నోళ్లందరు ఒక్కసారే "ఇరాషైమాసే" అని గట్టిగ అరుస్తరు, ఉలిక్కిపడకండి, రండి రండి అని అర్థం. తిరిగి ఏం అనాల్సిన పని లేదు, తల ఊపి నవ్వితే చాలు.

చెయ్యి తుడుసుకోనీకి వేడి బట్ట ఇస్తరు, ఒషిబోరి అంటరు. అది చేతులకు, మొహానికి కాదు, మెడకు అసలే కాదు. బల్ల చానా కాడ హినోకి కట్టెతోని చేస్తరు, మెత్తటి కట్టె, పాలిష్ ఉండదు, గీత పడితే పోదు. వాచీ, లావు గాజులు, ఉంగరాలు జర తీసి జేబుల పెట్టుకోండి. ఫోన్, తాళాలు బల్ల మీద పడెయ్యద్దు.

పుల్లలతోని, అంటే చాప్ స్టిక్స్ తోని, రెండు పనులు మాత్రం చెయ్యకండి. అన్నంల నిలువుగ గుచ్చద్దు, పుల్లలతోని పట్టుకున్న ముక్కను ఇంకొకళ్ల పుల్లలకు అందియ్యద్దు. జపాన్ ల చనిపోయినోళ్ల ముందల పెట్టే అన్నంల అట్ల గుచ్చుతరు, దహనం అయినంక ఎముకలను అట్ల పుల్లల నుంచి పుల్లలకు అందిస్తరు. మనింట్ల పిండాల అన్నం లెక్క వడ్డిస్తే ఎట్లుంటది, గట్లనే వాళ్లకు.

అయితే అసలు ముచ్చట, నిగిరికి పుల్లలే అక్కర్లేదు. చేత్తోని తినొచ్చు, తింటరు, జపాన్ ల గూడ తింటరు. మనం పుట్టినప్పటి నుంచి చేత్తోని తిన్నోళ్లం, గక్కడ పోయి పుల్లలతోని కుస్తీ పట్టి అన్నం ఇడగ్గొట్టి నవ్వులపాలయ్యేది ఎందుకు.

ముక్క ముందలికొచ్చినంక

చెఫ్ చెయ్యిని చూడండి, ఆ రాత్రి మీరు కట్టిన పైసలల్ల సగం దానికే. సిర్క నీళ్లల్ల ఏళ్లు ముంచి అరచేతులు ఒక్కసారి చప్పుమని కొట్టుకుంటడు, కుడిచేత్తో చెక్క గిన్నెల నుంచి అన్నం తీస్తడు, ఎడమచేతిల చేపముక్క ఉంటది, చూపుడు ఏలితోని దాని అడుగున వసాబి అనే పచ్చటి ఘాటు ముద్ద జర పూస్తడు, అన్నం మీద పెట్టి ఒకసారి ఒత్తి, తిప్పి, ఇంకోసారి ఒత్తి, అయిపోయింది, అయిదారు సెకండ్లు గూడ పట్టదు. మీ ముందల పెట్టినంక ఆ ముక్కనే చూడండి, మంచి చెఫ్ చేసిందయితే పెట్టినంక దాని బరువుకు అదే వెంట్రుక వాసి కిందికి దిగుతది. లోపల గాలి ఉన్నదన్నట్టు. గట్టిగ ఒత్తితే లడ్డు లెక్క అయితది, నోట్ల ఇచ్చుకపోదు.

ఆ అన్నం ఒంటి వెచ్చదనంల ఉంటది, చేప చల్లగుంటది. ఒక నిమిషం ఆగితే రెండు ఒక్క తీరైతయ్. అందుకే పెట్టంగనే తినాలె, పక్కోళ్లకు రాలే గదా అని ఆగద్దు, పెళ్లి బంతిల లెక్క అందరికీ వడ్డించినంక తినే పద్ధతి ఈడ లేదు.

ఎట్ల తినాలెనంటే, బొటనేలు నడిమేలుతోని రెండు పక్కల పట్టుకోండి, చూపుడేలు పైన ఊరికే ఆనిచ్చి లేపండి, మొత్తం ఒక్కటే బుక్క. సగం కొరికి సగం ప్లేట్ల పెట్టుడు అన్నిటికన్న పెద్ద తప్పు. ముక్క మరీ పెద్దగ అనిపిస్తే "అన్నం తక్కువ పెట్టండి" అని చెప్పొచ్చు, తర్వాత నుంచి చిన్నగ చేస్తరు. చేప నాలికకు తగిలేటట్టు తిప్పి పెట్టుకుంటె రుచి ముందుగాల తెలుస్తది, ఇది కొందరు చేస్తరు కొందరు చెయ్యరు, మీ ఇష్టం.

సోయా సాస్ సంగతి. చానా మట్టుకు చెఫే బ్రష్ తోని నికిరి అనే మరిగించిన సోయా సాస్ పూసి ఇస్తడు, చేప మీద తళతళ మెరుస్తుంటది, అట్ల మెరిస్తే మళ్ల ముంచద్దు. పూయకుంటె ముక్కను పక్కకు తిప్పి చేప అంచును తాకించండి, అన్నాన్ని కాదు, అన్నం సాస్ ను గుంజుకొని ఇడిపోతది, ఉప్పు తప్ప ఏం తెల్వది. మా బామ్మర్ది నేను మొదటిసారి ఏం చేసినమంటే వసాబి అంత సోయా సాస్ ల కలిపి పచ్చడి లెక్క చేసి ప్రతి ముక్క దాంట్ల ముంచి తిన్నం, పప్పుచారుల ముద్ద ముంచినట్టు. చెఫ్ ఏమనలే. కానీ రెండు ముక్కలయినంక చిన్నగ ఆ గిన్నె తీసేసి ఖాళీ గిన్నె పెట్టిండు.

వసాబి గురించి ఒక మాట. మనకు ట్యూబుల దొరికేది ఎక్కువ మట్టుకు హార్స్ రాడిష్ అనే ఘాటు దుంప, ఆవాలు, పచ్చరంగు. అసలు వసాబి పారే నీళ్లల్ల పెరిగే మొక్క గడ్డ, దాన్ని సొరచేప తోలు అతికించిన పలక మీద మెల్లగ తురుముతరు, తురిమిన కొద్దిసేపటికే వాసన పోతది, అందుకే అప్పటికప్పుడు చేస్తరు. ఘాటు ముక్కుకెక్కుతది గని మిరపకాయ లెక్క నాలిక మీద నిలవదు, వచ్చినంత జల్ది పోతది. మన వరంగల్ మిర్చి తిన్న నాలికకు అది ఒక లెక్కనే కాదు.

పక్కన గులాబి రంగు అల్లం ఉంటది, గారి అంటరు. బిర్యాని పక్కన ఉల్లిగడ్డ లెక్క ముక్క మీద పెట్టుకొని తినేది కాదు, ఒక చేప అయిపోయి ఇంకో చేప వచ్చే నడుమ నోరు కడుక్కోనీకి.

ఇగ ఆ అన్నం. మన పులిహోర చేసుడు చూసినోళ్లకు సప్పున అర్థమయితది, వండిన అన్నం ఎడల్పు చెక్క తొట్టిల పోసి, సిర్క చెక్కెర ఉప్పు కలిపిన నీళ్లు పోసి, మెతుకు ఇరగకుంట గరిటెతోని కోసినట్టు కలుపుకుంట ఇసనకర్రతోని ఇసురుతరు. బియ్యం మాత్రం మన వరంగల్ సన్నాలు, తెలంగాణ సోనా లెక్క పొడిపొడిగ అయ్యేది కాదు, పొట్టిగుంటది, అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువ, అందుకే అతుక్కుంటది. కొన్ని కాడ అన్నం జర ఎర్రగుంటది, అది పాడయింది కాదు, సాకే, అంటే జపానోళ్ల బియ్యం సారాయి, తీసినంక మిగిలిన పిప్పితోని చేసే ఎర్ర సిర్క రంగు.

ఏ వరుసల వస్తయ్

ముందుగాల చిన్న చిన్న గిన్నెల వంటకాలు, చవన్ముషి అని ఆవిరి మీద ఉడికించిన గుడ్డు ఒకటి మంచిగుంటది, తియ్యగుండదు, మెత్తగ జున్ను లెక్క జారిపోతది. ఆ తర్వాత నిగిరి, తేలిక రుచి నుంచి కొవ్వు రుచికి పోతరు. తాయ్, హిరామే లాంటి తెల్ల చేపలు, ఇకా అంటే స్క్విడ్, ఆ తర్వాత హమాచి అంటే ఎల్లోటెయిల్ చేప, ఆ తర్వాత ట్యూనా.

ట్యూనా వచ్చిందంటే లొల్లి మొదలయితది. అకామి ఎర్రటిది, కొవ్వు లేనిది. చూతోరో నడిమిరకం. ఓతోరో పొట్ట ముక్క, లేత గులాబి, సన్న సన్న తెల్ల చారలుంటయ్, నోట్ల పెట్టంగనే నెయ్యి లెక్క కరుగుతది. బొచ్చె చేప కోసినప్పుడు పొట్ట తునక కోసం ఇంట్ల ఎంత కొట్లాట ఉంటదో తెలుసు గదా, జపానోళ్లకు గూడ గంతే. నాకు మాత్రం అకామే నచ్చింది, చెప్తే మా బామ్మర్ది నన్ను ఎర్రోన్ని చూసినట్టు చూసిండు.

ఈడ ఒక మాట, మనం మార్కెట్ల మొప్పలు లేపి ఎర్రగున్నయా అని చూసి కొంటం, ఎంత తాజా ఉంటె అంత మంచిదని. సుషీకి అన్నిటికీ అట్ల కాదు. ట్యూనా లాంటి పెద్ద చేపను చల్లగ రోజులకు రోజులు ఆగబెడుతరు, అప్పుడే మాంసం మెత్తబడి రుచి ఊరుతది. సాబా చేపనయితే ఉప్పుల, సిర్కల పెట్టి తీస్తరు.

సాల్మన్ ఒక్కటే తెలిసినోళ్లు మస్తుమంది ఉన్నరు, నేను గూడ. కానీ జపానోళ్లు పాతకాలంల పచ్చి సాల్మన్ తినకపోయేటోళ్లు, వాళ్ల సముద్రం సాల్మన్ ల పురుగుంటదని వండుకొనే తినేది, 1980ల నడుమ నార్వే వాళ్లు పెంపకం సాల్మన్ ను వెంటవడి వెంటవడి అమ్మినంకనే అది సుషీ మీదికెక్కింది. అందుకే కొందరు పాత పద్ధతి చెఫ్ లు అసలు పెట్టరు, అడిగి ఇబ్బంది పెట్టకండి.

ఆఖర్ల ఉని, ఇకురా, అనగో (పాము లెక్క పొడుగుండే సముద్రపు ఈల్ చేప) వస్తయ్. ఉని అంటే ముళ్ల ముళ్లగ ఉండే సముద్ర జీవి లోపలి పసుపు ముద్ద, సముద్రం వాసన, తీపి, రెండు కలిసి, ఫస్ట్ టైం అందరికీ నచ్చదు. ఇకురా సాల్మన్ గుడ్లు, టప్పున పగులుతయ్. ఉని, ఇకురా జారిపోయేటియి గనక చుట్టూ నోరి ఆకు, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు, గోడ లెక్క కట్టి పెడుతరు. గుడ్డట్టు వచ్చిందంటే అయిపోవచ్చిందని లెక్క, ఆ ఎనక పులియబెట్టిన సోయా ముద్దతోని చేసే మిసో సూప్.

లొల్లి, ముచ్చట్లు, ఫోటోలు

హోటల్ కౌంటర్లు ఇప్పుడు మస్తు జోరుగుంటయ్, పాటలు, బర్నర్ తోని చేప మీద మంట కొట్టుడు, ఎవలదన్న పుట్టినరోజైతే చెఫ్ లందరు చప్పట్లు. మీరు గూడ మాట్లాడండి, ఇది ఏ చేప, యాడికెళ్లొచ్చింది, అడిగితే చెఫ్ కు ఖుషీ. కత్తి కదులుతున్నప్పుడు మాత్రం ఆగండి. సాకే తాగేటోళ్లు ఎవల గ్లాసుల వాళ్లు పోసుకోరు, పక్కోళ్లకు పోస్తరు. తాగితే బండి నడపద్దు, చెప్పాల్సిన పనే లేదు.

ఫోటో తీస్కోండి, ఒక్కటి, మూడు సెకండ్లల్ల. నేను మొదటిసారి చెఫ్ చేతికే ఇచ్చిన తెమాకి, అంటే నోరి ఆకుల చుట్టిన పొట్లం, బల్ల మీద పెట్టి, లైట్ సరిగ్గ లేదని తిప్పి, గ్లాసు పక్కన పెట్టి, మా ఆమెకు వాట్సాప్ చేసి, అప్పుడు నోట్ల పెట్టుకున్న. కర్రుమనాల్సిన ఆకు రబ్బరు లెక్క సాగింది, పంటితోని గుంజితే అన్నం అంగీ మీద పడ్డది. గిన్నెలు తీస్కపోయే పిలగాడు, కరీంనగర్ దిక్కోడంట, వంగి చెవుల చెప్పిండు, "అన్నా, మల్లోటి చేసిస్తరట, ఈసారి అప్పడం అనుకోండి."

బిల్లు

ఇది తెల్వక చానామంది గుండె పట్టుకుంటరు. రూమ్ కిరాయి 7,500 దాటే పెద్ద హోటళ్లల్ల తిండి మీద జీఎస్టీ 18 శాతం, బయట హోటల్ లెక్క 5 కాదు. మెనూ 8,000 అనుకోండి, 10 శాతం సర్వీస్ ఛార్జి ఏస్తే 8,800, దాని మీద 18 శాతం అంటే 10,384. అందుకే బుకింగ్ అప్పుడే "అన్ని కలిపి ఎంత" అని అడగాలె. సర్వీస్ ఛార్జి తప్పనిసరి కాదు, 2022 జూలైల వినియోగదారుల అథారిటీ చెప్పింది, 2025 మార్చిల ఢిల్లీ హైకోర్టు గూడ అదే అన్నది, వద్దంటే తీసెయ్యాలె. నేనయితే అది తీసేపిచ్చి ఆ పిలగాని చేతుల వేరే పెట్టిన. జపాన్ ల టిప్పు పద్ధతి లేదు గని మనం ఉన్నది హైదరాబాద్ ల.

ఇంకో రెండు ముక్కలు కావాలని నోరూరితే అడగొచ్చు, కానీ అవి వేరే లెక్క, ధర అడిగి చెప్పండి. లేచేటప్పుడు "గొచిసోసామా" అంటే తిండి మంచిగున్నదని దండం పెట్టినట్టు.

ఇంటికాడ మాత్రం వద్దు

తిన్నంక అందరికీ వచ్చే ఆలోచన, మన పాకాల చేపతోని, మృగశిర కార్తె నాడు తెచ్చిన కొరమీనుతోని చేస్తే ఎట్లుంటది అని. చెయ్యద్దు. చెరువు చేపల, ముఖ్యంగ కొరమీనుల, మన కడుపులకు పోతే తోలు కింద తిరిగే పురుగులుండొచ్చు. సిర్కల, నిమ్మరసంల, ఉప్పుల నానబెడితే అవి చావయ్. సుషీకి వాడే చేపలు చానా మట్టుకు మైనస్ 20 డిగ్రీలల్ల వారం రోజులు, లేకపోతే మైనస్ 35ల గడ్డకట్టించి ఉంచినయి, మన ఇంటి ఫ్రిజ్ ఆ చల్లదనాన్ని అన్ని రోజులు నిలపదు. అంత కోరికుంటె పొట్టి బియ్యం ఆన్ లైన్ ల తెప్పిచ్చుకొని, మీద గుడ్డట్టో దోసకాయనో ఉడికించిన రొయ్యనో పెట్టి ఒత్తి చూడండి, చేతికి సిర్క నీళ్లు రాసుకోకుంటె అన్నం అంత ఏళ్లకే అంటుతది. కొరమీనును పులుసే పెట్టండి.